ఊరికే దొరికే ఆటలు

పెళ్లయి కృష్ణా జిల్లా నుంచి తమిళనాడులోని హోసూరుకు కాపురానికి వచ్చిన కొద్ది వారాల్లోనే నాకొక సంగతి తెలిసింది. మా ఆయన ఇంట్లో ఉన్నాడంటే నిద్రపోతున్నాడని అర్థం. ఫ్యాక్టరీలో మూడు షిఫ్టులు. ఒక వారం పగలంతా నిద్ర, ఒక వారం మధ్యాహ్నం దాకా నిద్ర, ఇంకో వారం పొద్దు వాలేసరికే నిద్ర. ఆ ఫ్యాక్టరీల పక్కనే ఉన్న మూకండపల్లిలో మాది ఒకటే గది, దాన్ని ఆనుకుని వంటిల్లు. గిన్నె కింద పెడితే గదిలోకి వినిపిస్తుంది. కుక్కరు కూత పెడుతుందని అన్నం గంజి వార్చి వండడం మొదలుపెట్టాను. అమ్మతో ఫోనులో మాట్లాడాలంటే మేడ మీదకు వెళ్లేదాన్ని.

ఆయన మంచివాడు. నన్ను నిశ్శబ్దంగా ఉండమని ఎప్పుడూ అనలేదు. యంత్రాల మోతలోంచి వచ్చిన మనిషి అలా ఒళ్లు తెలియకుండా పడుకుంటే, నాకే చప్పుడు చేయబుద్ధి అయ్యేది కాదు.

చుట్టుపక్కల గదుల్లో అందరూ కంపెనీలవాళ్లే. వాళ్ల మాట తమిళం. కింద ఉండే ఇంటి ఓనరమ్మది తెలుగే గానీ, మొదట్లో ఆమె మాట సగం నాకు అందేది కాదు, నా మాట సగం ఆమెకు అందేది కాదు. "మీ తెలుగు వింటే రేడియో విన్నట్టుండాదమ్మా" అనేది. ఆ మాటతో మా కబుర్లు ఆగిపోయేవి. రేడియోతో ఎవరు మాత్రం ఎంతసేపు మాట్లాడతారు?

నేను కంప్యూటర్స్‌లో డిప్లొమా చదివాను. పుట్టింటివాళ్లు ఒక కంప్యూటర్ కొనిచ్చి పంపారు. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఇంట్లో లేనట్టే ఉండొచ్చు కాబట్టి రోజంతా దాని ముందే కూర్చునేదాన్ని. ఉచితంగా దొరికే ఆటలు నాకు అప్పుడే కనిపించాయి. చదరంగం, పట్టాల మీద రైళ్లు నడిపేది, కొండలెక్కి దూకే చిన్న చిన్న బొమ్మల ఆటలు, పిల్లలకు అక్షరాలూ లెక్కలూ నేర్పేవి. వాటిని తయారుచేసినవాళ్లు తాళం వేయకుండా వదిలేశారు. లోపలి ప్రోగ్రామంతా ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. చివరికి అమ్ముకోవచ్చు కూడా.

ఆ రోజుల్లో నెట్ నత్తనడక నడిచేది. ఒక్కో ఆట దిగడానికి ఒక్కోసారి పగలంతా పట్టేది. ఇంతసేపు కూర్చుని దించుకునే వీలు లేనివాళ్లు దేశంలో ఎంతమంది ఉంటారో అనిపించింది. నాలుగైదు ఆటలు ఒక డిస్కులోకి ఎక్కించి, దానికొక రంగుల అట్ట వేసి, ఆన్‌లైన్‌లో వేలం నడిపే ఒక సైటులో పెట్టాను.

"ఊరికే దొరికేదాన్ని ఎవరు కొంటారు?" అన్నాడు మా ఆయన, బూట్లు విప్పుకుంటూ.

నాకూ అదే అనుమానం. ఇంకో అనుమానం కూడా ఉండేది. వేరేవాళ్లు కష్టపడి చేసినదాన్ని నేను అమ్మడం న్యాయమేనా అని. ఆ ఆటలు చేసేవాళ్లు తమలో తాము ఉత్తరాలు రాసుకునే చోటు ఒకటి నెట్‌లో ఉంటే, ధైర్యం చేసి అక్కడే అడిగాను. మర్నాడు ఒకాయన జవాబు రాశాడు. నిరభ్యంతరంగా అమ్మండి, కొన్నవాళ్లకు లోపలి ప్రోగ్రాము కూడా ఇవ్వండి, వాళ్లు దాన్ని ఎంతమందికైనా పంచుకోవచ్చని చెప్పండి, అంతే. చివర్లో "మీ ఊళ్లో వాతావరణం ఎలా ఉంది?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు నేను చాలా పెద్ద జవాబు రాశాను. హోసూరు చలి గురించి, పొద్దున్నే గులాబీ తోటల నుంచి పూలు వేసుకుపోయే వ్యాన్ల గురించి. పంపే ముందు సిగ్గేసి చాలావరకు కొట్టేశాను.

అప్పటినుంచి ప్రతి డిస్కు వివరాల్లోనూ మొదటి వాక్యంగా ఇవి ఉచిత ఆటలనీ, మంచి నెట్ ఉన్నవాళ్లు సొంతంగా దించుకోవచ్చనీ రాసేదాన్ని. నేను పుచ్చుకునేది డిస్కుకూ, పోస్టుకూ, నా శ్రమకూ అని.

మొదటి వేలం ముగిసే ఘడియలు నాకింకా గుర్తే. తెర మీద గడియారం తగ్గిపోతోంది. ఎవరూ లేరు. ఇక అయిపోయింది అనుకుంటుండగా ఒక వేలంపాట పడింది. ఎవరో, ఏ ఊళ్లోనో, నేను చూస్తున్న ఆ పేజీనే ఆ నిమిషంలో చూస్తున్నారు. నా సంతోషమంతా అదే. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను, వెనక మంచం మీద ఆయన నిద్రలో ఉన్నాడు.

తర్వాత డిస్కులు మెల్లగా పోసాగాయి. అట్టముక్కల మధ్య పెట్టి, టేపు వేసి, హోసూరు బస్టాండు దగ్గరున్న కొరియర్ ఆఫీసులో ఇచ్చి వచ్చేదాన్ని. ఎప్పుడూ చూడని ఊళ్ల పేర్లు నా చేత్తో రాయడం బాగుండేది. కొన్నవాళ్లు ఒక్క ముక్క అభిప్రాయం రాసేవాళ్లు. "ప్యాకింగ్ బాగుంది." "త్వరగా అందింది." వాటిని మళ్లీ మళ్లీ చదువుకునేదాన్ని. ఒకసారి మాత్రం ఎవరో "ఈవిడ మోసగత్తె, ఉచితంగా దొరికేవి అమ్ముతోంది" అని రాశారు. మొదటి వాక్యంలోనే ఆ సంగతి ఉందని మర్యాదగా జవాబిచ్చాను. అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. కొన్నాళ్లు ఏమీ వేలానికి పెట్టలేదు. కానీ పెట్టకపోతే ఇల్లు మరీ నిశ్శబ్దంగా అనిపించి, మళ్లీ మొదలుపెట్టాను.

ఆ తర్వాత వచ్చిందే కృష్ణగిరి పాట.

అది పిల్లలకు మాటలు నేర్పే డిస్కు. తెర మీద నాలుగు బొమ్మలు వస్తాయి. ఒక గొంతు ఒక మాట చెబుతుంది. దానికి సరిపోయే బొమ్మను నొక్కాలి. దాని కోసం ఇద్దరు పోటీపడ్డారు. ఒకరు పెంచితే ఇంకొకరు పెంచారు. ఉచిత వస్తువుకు ఆ ధర చూసి నాకే మొహమాటం వేసింది. గెలిచినాయనకు, మొదలుపెట్టిన ధర ఇస్తే చాలు, మిగతాది వద్దు అని రాశాను. "పరవాలేదమ్మా, డిస్కు పంపు" అని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు జవాబు వచ్చింది. చిరునామా చూస్తే కృష్ణగిరి దగ్గర, రాయకోట దారిలో ఒక పల్లె. నా డిస్కు అంత దగ్గరికి వెళ్లడం అదే మొదలు.

డిస్కు అందిన తర్వాత ఆయనే ఫోన్ చేశాడు. నేను మేడ మెట్లెక్కుతూ ఎత్తాను.

"డిస్కు వచ్చిందమ్మా. బాగుండాది. కానీ అది ఇంగ్లీషులో మాట్లాడతాది. తెలుగులో లేదా?"

పిల్లలకు ఇంగ్లీషు నేర్పడానికే కదండీ అది, అన్నాను.

"పిల్లోళ్లకి కాదమ్మా. మా ఇంటామెకి."

మేడ మీద నిలబడి ఆయన చెప్పిందంతా విన్నాను. ఆయనకు మామిడితోట ఉంది. ఒకప్పుడు ఊళ్లో కేబుల్ టీవీ కనెక్షన్లు ఇచ్చేవాడు. ఇళ్ల మీదకు డిష్‌లు వచ్చాక ఆ వ్యాపారం పోయి, కంప్యూటర్ మిగిలింది. కిందటి ఏడు ఆయన భార్యకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి లేవదు. మాట పడిపోయింది. చెప్పింది అర్థమవుతుంది, తిరిగి చెప్పాలంటే మాట దొరకదు. బెంగుళూరు ఆసుపత్రిలో బొమ్మలు చూపించి, పేరు వినిపించి, మళ్లీ మళ్లీ అనిపించమన్నారు. వారం వారం అక్కడికి తీసుకుపోవడం ఆయనవల్ల కాలేదు. ఇంట్లో తనే చూపించబోతే కుదరలేదు.

"నేను చెప్పిస్తే నా మొగం చూస్తాది. ఇంకా రాలేదే అని నా మొగంలో ఉంటాది కదా, అది ఆమెకి తెలిసిపోతాది. అంతే, నోరు మూసుకుంటాది. మిషనుకి అయితే మొగం ఉండదు కదమ్మా" అన్నాడు.

ఫోను పెట్టేశాక కిందికి దిగి ఆట లోపలి భాగాలు తెరిచి చూశాను. ఒక్కో భాషకు ఒక్కో అర ఉంది. ఒక్కో మాటకు ఒక్కో చిన్న గొంతు ముక్క. తెలుగు అర ఖాళీగా ఉంది. ఎవరూ ఏమీ చెప్పలేదు, అంతే. చెప్పకూడదని లేదు.

మా ఆయన పొద్దుటి షిఫ్టుకు వెళ్లే వారం కోసం ఆగాను. ఇల్లు ఖాళీ అయితేనే సరిపోలేదు. బయట కంపెనీ బస్సుల హారన్లు, పక్కింటి మిక్సీ, మైకులో అరుచుకుంటూ పోయే కూరగాయల బండి. మంచానికీ బీరువాకూ మధ్య దుప్పట్లు వేలాడదీసి, ఆ సందులో మైకు పట్టుకుని కూర్చున్నాను. చెట్టు. పిల్లి. ఇల్లు. నీళ్లు. తర్వాత వినిపించుకుంటే, అన్నీ గుసగుసలే. ఎవరో పక్కన పడుకుని ఉన్నట్టు, వాళ్లు లేస్తారేమోనన్నట్టు చెబుతోంది ఆ గొంతు. ఇంట్లో ఎవరూ లేరు, అయినా నేను గుసగుసగానే మాట్లాడుతున్నాను. ఎప్పటినుంచి ఇలా అయిందో నాకే తెలియదు. మా అమ్మ ఫోనులో "గట్టిగా మాట్లాడవే, వినపడట్లేదు" అంటుంటే సిగ్నల్ బాగాలేదు అనుకునేదాన్ని.

అన్నీ చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాను. గొంతు పైకి రావడానికి చాలాసార్లు పట్టింది. సరైన బొమ్మను నొక్కితే ఆట మెచ్చుకోవాలి, "చాలా బాగా చెప్పారు!" అని. ఆ ఒక్కటీ మాత్రం నాకు నమ్మకం కలిగేలా ఎంతకీ రాలేదు. ఏదో ఒకటి పెట్టేశాను.

ఈసారి డిస్కును కొరియర్‌లో పంపబుద్ధి కాలేదు. మా ఆయనకు చెప్పి, పొద్దున్నే కృష్ణగిరి బస్సెక్కాను. శూలగిరి దాటాక రాళ్ల గుట్టలు, ఆ తర్వాత మామిడితోటలు. కృష్ణగిరిలో ఇంకో బస్సు మారి, ఆయన చెప్పిన స్టాపులో దిగితే అక్కడే నిలబడి ఉన్నాడు. తలకు తువ్వాలు చుట్టుకున్న, పొడుగాటి, యాభై దాటిన మనిషి. తోట గట్టు మీదుగా నడిచి వెళ్లాం. నేను "అవునండీ, కాదండీ" అంటుంటే నవ్వి, "అండీ అండీ అంటే బ్యాంకులో నిలబడినట్టుండాదమ్మా" అన్నాడు.

ఆమె వసారాలో నులకమంచం మీద కూర్చుని ఉంది. ఎముకపుష్టి ఉన్న మనిషి. కుడి చెయ్యి ఒళ్లో వేరేవాళ్లది పెట్టుకున్నట్టు పెట్టుకుంది. నన్ను చూసి ఎడమ చేత్తో మంచం తట్టింది, కూర్చోమని. పక్కనే బల్ల మీద కంప్యూటర్. నేను డిస్కు ఎక్కించి మౌస్ ఎడమవైపుకు మార్చి ఇచ్చాను.

చెట్టు, అంది నా గొంతు. ఆమె చెట్టును నొక్కింది. పిల్లి అంటే పిల్లిని. నాకు గుండె నిండిపోయింది. తర్వాత "గేదె" అని వచ్చింది. ఆమె తెర వైపు చూసి, నా వైపు చూసి, ఊరుకుంది. మళ్లీ వినిపించాను. గేదె. చెయ్యి కదలలేదు. ఆ తర్వాత ఉల్లిపాయ. కదల్లేదు. చీపురు. కదల్లేదు. విన్న మాట అర్థం కావడం కూడా పోయిందా అని భయపడ్డాను.

ఆయన మెల్లగా అన్నాడు. "మేము ఎనుము అంటామమ్మా. గేదె అని ఈడ ఎవురూ అనరు. ఉల్లిపాయ కాదు, ఎర్రగడ్డ. అది పొరక." కాస్త ఆగి, "ఆమెకి తెలీక కాదు. నీ మాట ఆమె మాట కాదు, అంతే" అన్నాడు.

ఆయన తప్పుపట్టి అనలేదు. అయినా నా లోపల ఏదో చతికిలబడింది. హోసూరులో అడుగుపెట్టిన రోజు నుంచి ఎక్కడ తెలుగు వినిపించినా అటు తిరిగేదాన్ని, నన్ను పిలిచినట్టు. తీరా దగ్గరికి వెళ్తే ఆ తెలుగులో నాకు చోటుండేది కాదు. ఇప్పుడు మాట పోయిన మనిషి ముందు కూడా నా మాట అక్కరకు రాలేదు.

ఆ మాటలన్నీ మార్చి చెబుతాను, నేర్పండి అన్నాను. ఆయన ఎనుము అన్నాడు. నేను ఎనుము అన్నాను. నా నోట్లో అది పుస్తకం చూసి చదివినట్టే ఉంది. రెండోసారి అంటుంటే మంచం మీంచి ఒక శబ్దం వచ్చింది. ఆమె నవ్వుతోంది. పెదవి ఒకపక్కే లేచింది, కానీ అది నవ్వే.

అప్పుడు నాకు తోచింది, ఈ గొంతు నాది కాకూడదని.

ఆయన ఒప్పుకోలేదు. "నా గొంతా? అది ఆమె రోజూ వినేదే కదమ్మా" అన్నాడు.

"మిషనులో అయితే మొహం ఉండదు కదండీ. మీరే అన్నారు" అన్నాను.

మామిడికాయలు మాగబెట్టే కొట్టులో గోనెసంచులు గోడల వెంట పేర్చి ఉన్నాయి. అక్కడ చప్పుడు తక్కువ. నా ఫోనులో ఒక్కో బొమ్మా చూపిస్తూ, రికార్డు చేశాను. మాటలు రాసి ఇవ్వడానికి లేదు. ఆయన చదివింది తమిళ బడిలో, తెలుగు అక్షరం రాదు. బొమ్మ చూసి ఇంట్లో ఏమంటారో అదే అనమన్నాను. ఎనుము. ఎర్రగడ్డ. పొరక. సంగటి. తోటలో ఎవరినో కేకేసినట్టు మొదలుపెట్టి, పోను పోను మామూలు గొంతుకు దిగాడు.

చివరికి మెచ్చుకునే మాట మిగిలింది. సరిగ్గా నొక్కితే ఆట ఏమనాలి, మీరేమంటారు, అని అడిగాను. ఆయన సంచుల వైపు తిరిగాడు.

"నేను ఆమెకి ఎప్పుడూ అట్లా చెప్పిందే లేదమ్మా" అన్నాడు. "సంగటి బాగుండాది అని కూడా అన్లేదు. తిని లేచిపోతాము, అంతే."

రికార్డు నడుస్తూనే ఉంది. కాసేపటికి గొంతు సవరించుకుని, కింద చూస్తూ, "సరిగా చెప్పినావు" అన్నాడు. అన్నాక కొట్టు బయటికి వెళ్లిపోయి, కుడితి తొట్టి దగ్గర ఊరికే నిలబడ్డాడు.

ఆ సాయంత్రం హోసూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ ఒక్క ముక్కనే హెడ్‌ఫోన్‌లో విన్నాను. మా ఇంట్లో మేమిద్దరం ఒకరితో ఒకరం ఏమేం అనుకుంటామో లెక్కవేసుకోబోయి మానేశాను.

మర్నాడు ఆటలోంచి నా గొంతు ముక్కలు ఒక్కొక్కటే తీసేసి, ఆయనవి పెట్టి, కొత్త డిస్కు కృష్ణగిరికి పంపాను. నా గొంతును నా చేత్తో ఖాళీ చేయడం వింతగా ఉంది. నావి పారేయలేక, ఆట తయారుచేసినవాళ్లకు పంపాను. వాళ్లు కృతజ్ఞతలు చెప్పి, తర్వాత వచ్చిన ఆటలో తెలుగు అర నింపారు. ఏ ఊళ్లోనో ఏ పిల్లలో ఆ గొంతు వింటూ గేదెను నొక్కుతుంటారు. ఎవరూ నాకు చెప్పరు. చెప్పాల్సిన పని లేదు కూడా.

కృష్ణగిరి నుంచి కొన్నాళ్లు ఫోన్లు వచ్చాయి. ఒకరోజు ఆయన గొంతు మామూలుగా లేదు. పొద్దున ఆమె కొట్టం వైపు చెయ్యి చూపించి "ఎనుము" అందట. "పాలు పిండే టయం అయింది, నేను పోలేదని అరిచినట్టే అనిందమ్మా" అన్నాడు. ఆయన చెప్పింది విని మేడ మీద నేనొక్కదాన్నే నవ్వుకున్నాను. తర్వాత తర్వాత ఫోన్లు తగ్గాయి. ఆమె ఒక్కో మాటా కూడబలుక్కుంటుంటే ఆయనకు నాతో చెప్పే తీరిక ఉండకపోవడం సహజమే. నేను సంతోషించాలి. సంతోషించాను కూడా. అయినా ఫోను మోగినప్పుడల్లా ముందు ఆ నంబరేనేమో అని చూసేదాన్ని.

ఈలోగా నెట్ చవకైంది. అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాయి, ఆటలు వాటిలోనే దిగిపోతున్నాయి. డిస్కు పెట్టే అర కూడా లేని కంప్యూటర్లు వచ్చాయి. నా చివరి వేలానికి ఒక్క పాటా పడలేదు. గడియారం సున్నాకు చేరేదాకా చూస్తూ కూర్చున్నాను. ఆ తర్వాత కొంతకాలానికి ఆ సైటే మూతపడింది. మిగిలిన డిస్కుల్ని ఓనరమ్మ అడిగి తీసుకుంది, మేడ మీద ఆరబోసిన మిరపకాయల దగ్గరికి పావురాలు రాకుండా తాళ్లకు కట్టుకోవడానికి. నేను ఒక స్పేర్‌పార్టుల దుకాణంలో కంప్యూటర్ మీద బిల్లులు కొట్టే పనికి కుదిరాను. అక్కడ పగలంతా మనుషులు మాట్లాడుతూనే ఉంటారు, ఎక్కువగా బేరింగుల గురించి.

ఈమధ్య మామిడికాయల కాలంలో, ఒక ఆదివారం సాయంత్రం, ఆ కృష్ణగిరి నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తితే ఎవరూ మాట్లాడలేదు. ఊపిరి వినిపిస్తోంది. పెట్టేయబోతుంటే ఒక ఆడగొంతు, బరువుగా, ఒక్కో అక్షరం పేర్చుకుంటూ అంది.

"వచ్చినావా."

వెనక నుంచి ఆయన అందుకున్నాడు. "బాగుండావా అని అడగాలని ఆమెకి. నోటికి అది రాక వేరేది వస్తాది. నువ్వేమీ అనుకోవద్దమ్మా."

నేనేమీ అనుకోలేదు. మావైపు అయితే వచ్చాను అంటాం.

"వచ్చినానక్కా" అన్నాను.

ఆమె ఇంకేమీ అనలేదు. ఫోనూ పెట్టలేదు. అటువైపు ఆకులు కదులుతున్న చప్పుడు, దూరంగా ఎవరో తమిళంలో బుట్టలు దించమంటున్న కేక. నేను గోడకు ఆనుకుని, ఫోను చెవి మార్చుకుని, అలాగే వింటూ నిలబడ్డాను.